తుప్పు తీగె

రైలు వంతెన కింద సరిగ్గా నడిమధ్యకు వచ్చాక బండి ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. షెర్లీ కాళ్ళు కింద పెట్టింది. నీళ్ళు మోకాళ్ళు దాటి ఉన్నాయి, పైన వాన గుమ్మరిస్తూనే ఉంది. గట్టు మీద గొడుగుల కింద నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారిగా ఇంజనీర్లయిపోయి, సెల్ఫ్ కొట్టమని ఒకరు, కిక్కు కొట్టమని ఒకరు కేకలు పెట్టారు. ఇద్దరు హమాలీలు మాత్రం మాట్లాడకుండా నీళ్ళలోకి దిగి బండి పట్టుకున్నారు. షెర్లీ వెనక సీటుకు కట్టిన ఐసు డబ్బా తాడు విప్పి, దాన్ని రెండు చేతులా నెత్తికెత్తుకుంది. అందులో పద్దెనిమిది మంది నెత్తురుంది. తెల్లారకముందే పరగడుపున చేతులు చాపినవాళ్ళది. సెల్ఫ్ కొట్టాలన్నా ఆమెకు ఖాళీ చెయ్యి లేదు.

నీళ్ళలోకి దిగే ముందు ఆమె ల్యాబు యజమాని శ్రీమన్నారాయణకు ఫోన్ చేసింది. చుట్టు తిరిగి వస్తే గంట పడుతుందని చెప్పింది. ఆటోలు పోతున్నాయి గదా నువ్వూ రా, పదిన్నరకల్లా శాంపిళ్ళు ల్యాబులో లేకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు అన్నాడాయన. గట్టెక్కాక బండి ఆగిపోయిందని మళ్ళీ ఫోన్ చేస్తే అదే నోరు ఇంకో మాట అంది. నిన్ను నీళ్ళలో దిగమన్నదెవరు? డబ్బా ఆటోలో పంపించి బండిని మెకానిక్ ముబారక్ షెడ్డుకు తోయించు. నీళ్ళలో సెల్ఫ్ కొట్టి ఇంజన్ పాడుచేశావని అతను తేలిస్తే ఖర్చు నీదే.

షెర్లీ జీతం పదకొండు వేలు. నాలుగేళ్ళుగా నరసరావుపేట చుట్టుపక్కల పల్లెలు తిరిగి నెత్తురు తీసుకొస్తోంది. ఆమె తండ్రి కృపాదానం స్లాబులకు ఇనుము కట్టే పనిలో ఉండేవాడు. సెంట్రింగు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాక మంచానికే అంటుకుపోయాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ ల్యాబు బండి తిరిగితేనే.

ముబారక్ షెడ్డులో ఆమె తడిబట్టలతోనే బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. ఇంటికెళ్ళి బట్టలు మార్చుకుని రమ్మని అతను రెండుసార్లు చెప్పాడు. ఆ మాటతో ఆమె అనుమానం ఇంకా పెరిగింది. నన్నెందుకు పంపించాలనుకుంటున్నాడు? ల్యాబు బండ్లు ఆరూ ఇక్కడికే వస్తాయి. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. అందుకే కదలకుండా కూర్చుని, అతను విప్పే ప్రతి బోల్టునూ లెక్క అప్పజెప్పించుకునేదానిలా చూసింది.

ఇంజన్ ఆయిల్ బయటికి వచ్చింది. పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. నీళ్ళు లోపలికి పోయాయి, రాడ్డు వంగి ఉంటుంది, పద్నాలుగు వేలు అవుతుందేమో అన్నాడు ముబారక్, ఆమె మొహం వైపు చూడకుండా. అంతలో అతని ఫోన్ మోగింది. వానలో తడుస్తూ బయటికి పోయి మరీ మాట్లాడాడు. రేకుల మీద చినుకుల మోతలో ఆమెకు మూడు ముక్కలే వినబడ్డాయి: "ఆఁ సార్... తెలుసు సార్... అట్టాగే."

ఆ "అట్టాగే" ఆమె గుండెలో గుచ్చుకుంది.

లేచి బండి దగ్గరికి వెళ్ళింది. పక్క మూత ఊడదీసి ఉంది. లోపల గాలి పీల్చుకునే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగు పగిలిపోయి, దానికి ప్లాస్టిక్ ముక్క అడ్డంపెట్టి తీగెతో కట్టి ఉంది. ప్లాస్టిక్ ముక్క ఒక పక్కకు జారిపోయింది. నీళ్ళు ఎక్కడినుంచి దూరాయో చూపించడానికి మెకానిక్ అక్కర్లేదు. ఆమె ముడి విప్పి తీగె లాగింది. వేళ్ళకు ఎర్రటి పొడి అంటింది.

ఇనుము కట్టే బైండింగ్ వైరు కొత్తదయితే చేతికి నల్లగా అంటుతుంది, పాతది ఎర్రగా అంటుతుందని ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు. తండ్రి చొక్కాలు ఉతుకుతూ పెరిగిన పిల్ల. ఈ తీగె ఇవాళ్టిది కాదు, నెలల నాటిది. ఇంకొకటి కూడా కనిపెట్టింది. తీగె కొసను గుచ్చుకోకుండా పట్టుకారుతో లోపలికి రెండు మడతలు వేసి ఉంది. తను కూర్చున్న బకెట్ పిడికీ అదే తీగె, అవే రెండు మడతలు. షెడ్డు గడియకూ అంతే.

ముబారక్ లోపలికి రాగానే అడిగింది.

"భాయ్, ఇది ఎవరు కట్టారు?"

"ఏమోనమ్మా. ఎప్పటిదో."

తేలు కుట్టిన దొంగలాగా అటు తిరిగిపోయి, అవసరం లేని స్పానర్ కోసం పెట్టెలో వెతకడం మొదలుపెట్టాడు. షెర్లీ తీగెను పిడికిట్లో పెట్టుకుంది. వీడూ వాడూ ఒకటే అనుకుంది. 

మధ్యాహ్నానికి శ్రీమన్నారాయణ కారులో వచ్చాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునే మనిషి. ఇప్పుడు కాళ్ళ వంతు కాబోలు, అమ్మా తల్లీ అంటూ మొదలుపెట్టి, ఒక తెల్లకాగితం బండి సీటు మీద పరిచాడు. చెప్పకుండా నీళ్ళలోకి దిగాననీ, ఆగిన బండికి సెల్ఫ్ కొట్టాననీ, నష్టం నాదేననీ అందులో రాసి ఉంది. సంతకం పెడితే నెలకు వెయ్యి చొప్పున కోసుకుంటాననీ, పెట్టకపోతే రేపటికి ఇంకో పిల్లను చూసుకుంటాననీ అదే తీపి గొంతుతో చెప్పాడు.

షెర్లీ కాగితం రెండుసార్లు చదివింది. పెన్ను తీసుకోలేదు.

"నేను సెల్ఫ్ కొట్టలా సార్. మీరు రమ్మంటేనే దిగా. సంతకం పెట్టను." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పిడికిలి విప్పి చూపింది. "నీళ్ళు దూరింది పగిలిన ఫిల్టర్ డబ్బాలోంచి. అది ఇయ్యాళ పగిలిందయితే దీనికింత తుప్పు ఏడది?"

శ్రీమన్నారాయణ తీగె వైపు చూడలేదు. ముబారక్ వైపు తిరిగి, నువ్వు చెప్పవయ్యా ఏం జరిగిందో అన్నాడు.

ముబారక్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నలుపు పోలేదు, అయినా తుడుస్తూనే ఉన్నాడు. గోడ పక్కన సర్వీసుకు వచ్చిన ల్యాబు బండ్లు రెండున్నాయి, వాటివైపు ఒకసారి చూశాడు. తరవాత షెర్లీ దగ్గరికొచ్చి అరచెయ్యి చాపాడు.

"అది ఇటియ్యమ్మా."

ఆ గొంతులో బెదిరింపు లేదు, దయా లేదు. ముడి నాదేనని ఒప్పుకోవడానికి అడుగుతున్నాడో, బయట మురిక్కాలవలోకి విసిరేయడానికి అడుగుతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. నమ్మాలని ఉంది. కానీ నమ్మి నీళ్ళలో దిగడం పొద్దున ఒకసారి అయిపోయింది.

"తీగె నా కాడే ఉంటది భాయ్," అంది. "నువ్వు నోటితో చెప్పు."

వాన జల్లు షెడ్డులోకి కొట్టి, సీటు మీది కాగితం తడుస్తోంది. దాన్ని ఎవరూ తీయలేదు. ముబారక్ చాచిన చెయ్యి అలాగే ఉంది.

"సార్, ఉగాదికి ముందు మీరే కొత్త డబ్బా వద్దని..." అని, ఆగాడు.

శ్రీమన్నారాయణ అతన్ని కన్నార్పకుండా చూస్తున్నాడు. షెర్లీ పిడికిలి విప్పలేదు.