బియ్యప్పళ్ళెంలో చేప

ఆక్లాండ్ తెలుగువాళ్ళకి శ్రీరామచంద్రమూర్తిగారు యూనివర్సిటీలో ఏం పాఠం చెబుతారో ముప్పై ఏళ్ళయినా అంతుపట్టలేదు. "సంస్కృతం కాదండీ, ప్రాచీన గ్రీకు" అని ఆయన మొత్తుకుంటే, "ఏదైతేనేం, పాతదే కదండీ" అనేవారు. ఈమాత్రం దానికి కోపమెందుకని ఆయనా ఊరుకున్నారు.

ఆయన క్లాసులో ఒక ఆచారం ఉండేది. మొదటిరోజు ప్రతి విద్యార్థి చెయ్యీ తన చేత్తో పట్టుకుని, గ్రీకు మొదటి అక్షరం ఆల్ఫా దిద్దించేవారు. చిన్నప్పుడు తనకి బియ్యంలో ఓనమాలు దిద్దించిన తీరే అది. ఆరడుగుల న్యూజిలాండ్ కుర్రాళ్ళు ముసిముసిగా నవ్వుతూనే చెయ్యి అందించేవారు.

2017లో, చేరేవాళ్ళు లేరని గ్రీకు క్లాసు ఎత్తేశారు. మూర్తిగారిని వ్యాసరచన నేర్పమన్నారు. "కాలంతోపాటు పోవాలి కదా" అని ఆయన అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పారు. పచ్చి అబద్ధం. తన చేత్తో ఇంకెవరికీ ఆల్ఫా దిద్దించలేనన్న దిగులు ఆయన్ని తినేస్తోంది.

మరుసటి వసంత పంచమికి, అంటే అక్కడి మండు వేసవిలో, ఆ ఊళ్ళోనే మౌంట్ రాస్కిల్ పేటలో ఉండే తెలుగమ్మాయి ప్రణీత ఫోన్ చేసింది.

"అంకుల్, మా సిరికి అక్షరాభ్యాసం పెట్టుకున్నాం. పూజ పంతులుగారు చేయిస్తారు. దిద్దించడం మాత్రం మీరే. మీకన్నా చదువుకున్నవాళ్ళు మాకెవరున్నారు?"

పూజ అయింది. నాలుగేళ్ళ సిరిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మూర్తిగారు దాని చూపుడువేలు పట్టుకుని బియ్యంలో పెట్టారు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఊరుకుంటుందా? వేలు గుండ్రంగా తిరిగి, తోక విదిలించి ఆగింది. ఆల్ఫా!

"అంకుల్, ఓం రాయించమంటే చేపని గీయించారేంటి!" ప్రణీత కంగారుపడింది.

మూర్తిగారి మొహం సిగ్గుతో కందగడ్డయింది. గబగబా బియ్యం చదును చేసి, బుద్ధిగా ఓం దిద్దించారు. అందరూ పులిహోర తిన్నారు. పెద్దాయనకి వయసు మీదపడిందని ఎవరో అననే అన్నారు.

ఆయన గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే లోపల్నుంచి సిరి కేకేసింది.

"తాతా, కమ్ అండ్ సీ!"

తొంగిచూశారు. పళ్ళెంలో ఓం చెరిపేసి ఉంది. దాని స్థానంలో వంకరటింకరగా, తోకతో సహా ఆల్ఫా. ఎవరూ చెయ్యి పట్టకుండానే రాసుకుంది.

"నెక్స్ట్ ఏంటి?" అంది సిరి.

మూర్తిగారికి కళ్ళనీళ్ళు ఆగలేదు. వేసుకున్న ఒక్క బూటూ విప్పి పక్కన పెట్టి, వెళ్ళి పళ్ళెం ముందు చతికిలబడ్డారు.

"చెయ్యి ఇటివ్వు తల్లీ" అన్నారు.