ఇరవై అయిదు నిమిషాలు

నేను ఒక టైమరును. తిప్పితే టిక్కుటిక్కుమని నడిచి, గడువు తీరగానే గణగణ మోగే వంటింటి సామానును. ఒక రేకుల షెడ్డులో నా పొట్టలో స్ప్రింగు బిగించినామె నన్ను చెవి దగ్గర పెట్టుకుని విని, బాగుందని అట్టపెట్టెలో వేసింది. నంద్యాలలో స్టీలు సామాన్ల కొట్లో సుభాషిణి నన్ను ఇడ్లీల కోసం కొన్నది. వారం తిరక్కుండానే ఆఫీసుకు తీసుకుపోయింది.

అక్కడ ఆమె సీనియర్ అసిస్టెంటు. జలాశయంలో ఊళ్లు మునిగినవాళ్లు ఇంటి స్థలాల కోసం పెట్టుకున్న అర్జీలు, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టనివి, మూడు వందల నలభై ఆమె బల్లమీదికి వచ్చిపడ్డాయి. ప్రతి కట్టలోనూ ఒక సంసారం గోడు. ఆమె కట్ట విప్పి రెండు పేజీలు చదివేది, లేచిపోయి కిటికీ దగ్గర నిలబడేది, తిరిగొచ్చి సులువైన కాగితాలు ముందేసుకునేది. పక్క బల్ల మస్తానమ్మ, వయసులో పదేళ్లు పెద్దది, ఇదంతా గమనిస్తూనే ఉండేది.

ఒకనాడు పొద్దున్నే సుభాషిణి నన్ను ఇరవై అయిదు దగ్గరికి తిప్పింది.

"ఏందమ్మా అది, ఇడ్లీలు పెట్టినావా?" అంది మస్తానమ్మ.

"లేదక్కా. ఇది మోగేదాకా లేయకుండా కూర్చుంటా. అన్నీ చెయ్యాలనుకుంటే భయమైతాంది. ఇంతసేపైతే కూర్చోగలను గదా!"

"అయితే అంతదాకా నీ దగ్గరికి ఎవర్నీ రానీను, చూస్కో."

ఆ మాట నిలబెట్టుకుంది మస్తానమ్మ. ఎవరొచ్చినా తన బల్ల దగ్గరే ఆపేసేది. చదువుతూ చదువుతూ దుఃఖం వస్తే సుభాషిణి నన్ను ఆపి, కళ్లు తుడుచుకుని, మళ్లీ తిప్పేది. నేను మోగాక ఇద్దరూ టీ తాగేవాళ్లు. ఎనిమిది నెలల్లో కట్టలన్నీ తేలిపోయాయి. అంత పని నా వల్లనే అయిందని నేను లోలోపల పొంగిపోయాను.

ఆ పేరుతోనే సుభాషిణి సూపరింటెండెంటు అయింది. మరో విడత అర్జీలు వచ్చాయి. నన్ను తెచ్చి మస్తానమ్మ బల్లమీద పెట్టింది.

"మస్తానమ్మగారూ, ఫైలుకు ఇరవై నిమిషాలు. మోగేసరికి నాకు రావాల."

అక్క అనే పిలుపు ఆ రోజుతో సరి. నెల తిరిగేసరికి ఇరవై కాస్తా పన్నెండయింది.

"మేడమ్, అప్పుడు దీన్ని మీకు మీరే తిప్పుకున్నారు. మనసు బాగలేకుంటే ఆపుకున్నారు. నేను ఆపుకోవచ్చునా?" అని అడిగింది మస్తానమ్మ.

సుభాషిణి నన్ను తిప్పేసి వెళ్లింది.

ఆ పన్నెండు నిమిషాల్లోనే ఓబులమ్మ అనే ముసలామె అర్జీ వచ్చింది. మస్తానమ్మ చివరి పేజీ తిప్పబోతుండగా నేను మోగాను. ఆమె ఆ పేజీ తిప్పకుండానే వదిలేసింది. 'ఆధారం లేదు' అని రాసి పంపేసింది. మునిగిన ఇంటి పట్టా ఆ పేజీ వెనకాలే ఉంది. రెండు నెలలకు ఓబులమ్మకు రావాల్సిన స్థలం ఇంకొకరి పేరున పోయింది.

ఆమె పెద్దాఫీసరు ముందు నిలబడింది. "కాగితం ఇచ్చినా గదయ్యా, తిరగేసి చూడలేదా?"

"ఇంత తొందరగా చెయ్యమని ఎవరన్నారు?" అని ఆయన నన్ను ముందు పెట్టుకుని అడిగాడు. మస్తానమ్మ సుభాషిణి వైపు చూసింది. నేనూ చూశాను.

"నేనెవరికీ గడువు పెట్టలేదు సార్. ఆమే ఈ టైమరు పెట్టుకుని ఫైళ్లు తోసేస్తాంది" అంది సుభాషిణి.

బయటికొచ్చాక మస్తానమ్మ ఒక్క మాటే అంది. "నీ బల్లకు ఎనిమిది నెలలు కాపలా కాసినా గదమ్మా!"

మస్తానమ్మకు మెమో వచ్చింది, ఆ వెనకే బదిలీ. ఓబులమ్మ మళ్లీ మొదటి నుంచి అర్జీ పెట్టుకుంది. నన్ను కాళ్లు విరిగిన కుర్చీల గదిలో అటకమీద పడేశారు.

మొన్న సుభాషిణి పాత రిజిస్టరు వెతుక్కుంటూ ఆ గదిలోకి వచ్చింది. నన్ను చూసి ఆగింది. తీసుకుంటుందేమో అనుకున్నాను. చెయ్యి చాచి, నా ముఖాన్ని గోడవైపుకు తిప్పి, రిజిస్టరు తీసుకుని వెళ్లిపోయింది.