తల తగిలే మెట్లు

కోటంరాజు సార్ మెట్లెక్కుతున్నారు, వెనకాలే లోహిత ఎక్కుతోంది. కాలేజీ స్టూడియో అనుకుంటే గోడలు అలల్లా కదులుతున్నాయి, సముద్రమా అనుకుంటే చాక్‌పీసు వాసన వస్తోంది. ఆర్కిటెక్చర్ కాలేజీలో తనకు డిజైన్ చెప్పిన ఈ సార్ కిందటి వేసవిలోనే పోయారని లోహితకు తెలుసు, కానీ చంకలో డ్రాయింగుల చుట్టతో అంత హుషారుగా నడుస్తున్న మనిషి దగ్గర ఆ సంగతి ఎత్తడం మర్యాద కాదనిపిస్తోంది.

"పెళ్లి చేసుకున్నావటగా! భోజనానికి పిలవలేదేం?"

"మీరు ఊళ్లో లేరు కద సార్."

"సాకులకేం తక్కువ లేదు. శనివారం ఫైనలియర్ పిల్లలకు ఉపన్యాసమట?"

"చదువు నుంచి ఉద్యోగంలోకి ఎలా వెళ్లాలని సార్. పోర్ట్‌ఫోలియో ఎలా చేయాలి, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలి..."

సార్ ముక్కుతో నవ్వుతారు, డిజైన్లకు మార్కులేసే జ్యూరీలో ఆమె అట్టముక్కలతో చేసిన మ్యూజియం నమూనాను చిటికెనవేలితో తోసి చూసినప్పటి నవ్వే అది.

"టై కట్టుకోవడం కూడా నేర్పు. ఇటుక ముట్టుకోని నేను పాఠం చెప్పాను, కాగితం మీద మేడలు లేపి నువ్వు గోల్డ్ మెడల్ కొట్టావు, ఇప్పుడు ఆ కాగితానికి పౌడరు ఎలా అద్దాలో వాళ్లకు చెబుతావు. భలే వంశం!"

అంతలో మెట్లు పైకి పోతుంటే కప్పు కిందికి దిగుతుంది, సార్ తల దూలానికి ఠక్కున తగులుతుంది. అవి తాను ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసిన మెట్లేనని లోహిత గుర్తుపడుతుంది: కాగితం మీద ముచ్చటగా ఉండి, కట్టాక మనిషి పట్టక కూలగొట్టించినవి.

"ఇళ్లు కట్టే సైటుకు తీసుకెళ్తానన్నారు సార్. ఐదేళ్లూ అన్నారు."

"కాలేజీ బస్సు ఇవ్వలేదమ్మా."

"ఆటోల్లో వచ్చేవాళ్లం కదా!"

సార్ నవ్వు ఆగిపోతుంది. తల తడుముకుంటూ ఏదో అనబోతారు, దూలం ఇంకా దిగుతుంది, ఠక్!

"అమ్మో!"

లోహిత కళ్లు తెరిచింది. తెల్లవారింది. కొత్తగా దిగిన అద్దింట్లో, వంటగది అటక కింద భర్త నిరూప్ ఒక చేత్తో నుదురు, ఇంకో చేత్తో ఆమె కోసం కలిపిన కాఫీ పట్టుకుని నిలబడ్డాడు. ఒక్క చుక్క ఒలకనివ్వలేదు, బంగారుకొండ!

"ఎవడే ఇంత కిందికి అటక పెట్టిన మహానుభావుడు?"

"నాలాగే గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లెవరో," అంది లోహిత.

నవ్వాపుకుంటూ అతని బొప్పిని ఎడమచేత్తో అదుముతూ, కుడిచేత్తో కాలేజీకి మెసేజ్ పెట్టింది: "శనివారం ఉపన్యాసానికి హాలు వద్దండీ. పిల్లల్ని మా సైటుకు పంపండి. బస్సు లేకపోతే ఆటోల్లో రమ్మనండి."