ఉతకని దిండు గలేబు

ఆసుపత్రి లాండ్రీలో పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర ఇరవై రెండేళ్ళుగా నిలబడుతున్న ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనే పిలిచేవారు. తడి దుప్పటి ఒక పక్కనుంచి పెడితే రెండో పక్కకి అట్టముక్కలా వస్తుంది. అది చల్లారేలోపు పట్టుకుని మడతపెట్టాలి. ఆమె వేళ్ళ కొసలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

వారం పొడుగునా ఆమె ఎదురుచూసేది ఆదివారం మధ్యాహ్నం కోసం. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది దిద్ది రిటైరైన ఒక పెద్దాయన తన ముందుగదిలో నలుగురైదుగురిని కూర్చోబెట్టుకుని, లోకంలోని గొప్ప ఆలోచనాపరుల సంగతులు చెప్పేవారు. ఆయన కాలేజీ గడప తొక్కలేదు. గోడమీద పోస్టరులో తప్పు కనబడినా పెన్ను తీసి సరిచేసే అలవాటుంది కనుక దిద్దుబాటు మాష్టారని పేరు పడిపోయింది.

వచ్చేవాళ్ళకి ఒక్కొక్కరికీ ఆ ఆలోచనాపరుల్లో ఒకరంటే ఇష్టం. బస్సు కండక్టరుకి, పెద్ద మట్టిజాడీలో కాపురముండి రాజునైనా లెక్కచేయలేదని జనం చెప్పుకునే ఆయనంటే ప్రాణం. "మా ఆఫీసరు ముందు నాకు నోరు పెగలదండీ. ఆయన్ని తలుచుకుంటే కాస్త కడుపు చల్లబడుతుంది" అనేవాడు. దర్జీకి, కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసి పొట్టపోసుకుంటూనే దేవుడి గురించి ఆలోచించిన ఆయన నచ్చాడు. "మనలాగే చేతిపని మనిషి కదా!" అని మురిసిపోయేవాడు. ఇస్త్రీ అక్కకి మాత్రం బానిస బతుకు బతికి, కాలు అవిటిదై, ఆ తర్వాత గురువైన ఆయనే దేవుడు. మన చేతిలో ఉన్నదేదో లేనిదేదో వేరుచేసి చూసుకోమని, లేనిదానికోసం కుమిలిపోవద్దని ఆయన బోధించాడట. 

ఎనిమిదేళ్ళ క్రితం ఆమె భర్త, లారీ మెకానిక్కు, జాకీ జారి లారీ కింద నలిగి చనిపోయాడు. అప్పటికి కూతురికి తొమ్మిదేళ్ళు. ఆమె కంటతడి పెట్టలేదు. ఐదోరోజుకల్లా యంత్రం దగ్గరుంది. లాండ్రీలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మాష్టారు మాత్రం ఆ ఆదివారం అందరిముందూ, "నేను చదివాను, అంతే. ఈ తల్లి బతికి చూపించింది" అన్నారు. ఆ మాటను ఆమె పతకంలా దాచుకుంది.

ఇప్పుడు మాష్టారి భార్య పోయింది. టీ గ్లాసులు అందిస్తూ, "నలభై ఏళ్ళుగా వింటున్నా, ఒక్క ముక్క బుర్రకెక్కితే ఒట్టు" అని నవ్వే మనిషి. ఒక పొద్దున లేవలేదు. మూడు ఆదివారాలు ఆ ఇంటి తలుపు తెరుచుకోలేదు. నాలుగోసారి ఇస్త్రీ అక్క ఒక్కతే వెళ్ళి తలుపు తోసింది.

మాష్టారు మంచం అంచున కూర్చుని ఉన్నారు. గడ్డం మాసింది. చేతిలో దిండు గలేబు ఒకటి, తలనూనె మరకతో జిడ్డుగా ఉంది. ఆమె చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది.

"ఇటివ్వండి మాష్టారూ. ఉతికి రేపు తెచ్చిస్తాను."

"ముట్టుకోకు!" ఆయన గలేబు లాక్కున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "ఆవిడ వాసన ఇందులోనే ఉంది తల్లీ. రోజురోజుకీ తగ్గిపోతోంది" అన్నారు.

"మీరే కదా చెప్పారు, మన చేతిలో లేనిదాని కోసం..."

"చెప్పాను. ఎందుకు చెప్పానో తెలుసా? చిన్నప్పట్నుంచీ నాకు చావంటే వణుకు. ఆవిడ కూరలకెళ్ళి పావుగంట ఆలస్యమైతే గుమ్మంలో నిలబడిపోయేవాణ్ణి. ఆ బానిస గురువు ధైర్యం నాకుంటే ఆయనతో నాకేం పని? లేకపోబట్టే పట్టుకుని వేలాడాను." ఆయన కళ్ళు ధారలు కడుతున్నాయి. "నువ్వు గట్టిదానివమ్మా. నావల్ల కావట్లేదు."

ఎప్పుడూ తియ్యగా తగిలే పొగడ్త ఈసారి చెంపమీద కొట్టినట్టయింది. భర్త పోయిన నాలుగోరోజున ఆమె అతని చొక్కాలు ఆరూ తీసి, ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీచేసి అతను పనిచేసిన షెడ్డులో కుర్రాళ్ళకి ఇచ్చేసింది. కూతురు ఒక చొక్కా చెయ్యి పట్టుకుని, "ఇదొక్కటీ ఉతకొద్దమ్మా, ఉంచుకుంటా" అంది. "మాసిన గుడ్డతో ఏం చేస్తావే?" అని ఆమె లాగేసుకుంది. ఇన్నేళ్ళూ అదే వివేకమనుకుంది.

ఆమె ఇంకేం బోధించలేదు. వంటింట్లో వెతికి, గట్టి మూతున్న డబ్బా ఒకటి తుడిచి తెచ్చింది. "గాలి తగిలితే పోతుంది మాష్టారూ. ఇందులో పెట్టుకోండి. మాటిమాటికీ తియ్యకండి."

ఇంటికొచ్చేసరికి కూతురు బల్ల దగ్గర పరీక్షకి చదువుకుంటోంది. ఆమె చెప్పులు విప్పకుండానే అడిగింది.

"నాన్న చొక్కా ఒకటి ఉంచమన్నావు, గుర్తుందా?"

పెన్ను ఆగింది. "ఉంది."

"ఉంచాల్సింది. నాదే తప్పు."

కూతురు పుస్తకంలోంచి తలెత్తలేదు. "నాన్న వాసన ఎలా ఉండేదో నాకు గుర్తు రావట్లేదమ్మా. చాలాసార్లు ప్రయత్నించాను. నీకు గుర్తుందా?"

గ్రీజు మరకలు పోవడానికి కిరసనాయిలుతో చేతులు కడుక్కునేవాడని ఆమెకు తెలుసు. కానీ ఎంత తలుచుకున్నా ముక్కుకి తగిలింది లాండ్రీలోని బ్లీచింగు వాసనే.

"లేదే" అని, అక్కడే గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

కూతురు లేచి నిలబడింది. అమ్మ ఏడవడం ఎన్నడూ చూడని పిల్ల, ఏం చెయ్యాలో తెలియక, చివరికి కాస్త ఎడంగా నేలమీద కూర్చుంది.

"నాకు నీమీద చాలా కోపముండేదమ్మా."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఉంది."

ఆ గదిలో ఆదివారాలు మళ్ళీ మొదలు కాలేదు. ఏడాది తిరక్కుండానే మాష్టారూ పోయారు. ఆ రోజు ఇస్త్రీ అక్క గొంతెత్తి ఏడ్చింది. కండక్టరు, దర్జీ కంగారుపడి చెరోపక్కా పట్టుకున్నారు. ఆమె వెంట వచ్చిన కూతురు మాత్రం ఏడవలేదు. గోడకానుకుని, నాన్న పోయిన రోజు ఏడవని అమ్మనే చూస్తూ నిలబడింది.