గేటు దగ్గర బావమరిది

టికెట్టు ధర పన్నెండు యూరోల నుంచి ఇరవైకి పెంచారని తెలిసిన రోజే, ఇటలీలోని తరాంతోలో ఫుట్‌బాల్ స్టేడియం ఉత్తరం స్టాండులో కూర్చునే అభిమానులంతా ఒట్టేసుకున్నారు: ఆదివారం మ్యాచికి ఒక్కరూ లోపలికి పోకూడదు. మెగాఫోనులో ఒట్టు వేయించినవాడు కుళాయిలు బాగుచేసే పొంపీలియో. అందరికంటే గట్టిగా అరిచినవాడు కతాల్దో. సముద్రంలో ఆల్చిప్పలు పెంచుతాడు, తాళ్లు లాగి లాగి చేతులు కాయలు కాచాయి.

ఆదివారం మధ్యాహ్నం గేటుకు అడ్డంగా రెండువేల మంది నిలబడ్డారు. దూరిపోబోయిన ఇద్దరి కండువాలు లాక్కుని తరిమారు. పోలీసులు డాళ్లు అడ్డం పెట్టుకుని ముందుకు జరిగారు. ఎవరో సీసా విసిరారు. అంతే, లాఠీలు లేచాయి. ఒక దెబ్బ కతాల్దో భుజం మీద పడింది. పక్కన ముసలాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే అరచేతిలోకి రక్తంతోపాటు రెండు పళ్లు రాలాయి. అది చూశాక కతాల్దోకి ఒళ్లు తెలియలేదు. ఒక పోలీసు డాలు గుంజుకుని దాంతోనే అతన్ని నేలకు పడగొట్టాడు.

ఆ గొడవలోనే గోడవార నుంచి టికెట్టు పట్టుకుని ఎజీదియో వచ్చాడు. కతాల్దో భార్య రోసాల్బాకి తమ్ముడు.

"ఎక్కడికిరా?"

"లోపలికి. దారియ్యి బావా."

"నా పక్కన నిలబడేగా ఒట్టేశావు?"

"వేశాను. పొద్దున లేచాక ఇంట్లో ఉండలేకపోయాను. ఇరవై ఆరేళ్లలో ఒక్క మ్యాచి వదిలానా, చెప్పు."

"బావమరిదికైతే వేరే రూలా కతాల్దో?" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

పొంపీలియో మెగాఫోనులోనే అందుకున్నాడు. "పోనివ్వండర్రా, రాత్రికి బావగారు పెళ్లాం చేతి అన్నం తినాలిగా."

గుంపంతా నవ్వింది. కతాల్దో టికెట్టు లాక్కుని చించేశాడు. ఎజీదియో అతని చొక్కా పట్టుకున్నాడు.

"ధర పెంచినోడు పైన అద్దాల గదిలో కూర్చున్నాడు. పోయి వాణ్ని అడుగు. నీకు నేనే దొరికానా?"

కతాల్దో కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. ఎజీదియో కూలిపోయాడు. పడ్డవాణ్ని డొక్కలో తన్నాడు, మళ్లీ తన్నాడు. పొంపీలియో మెగాఫోను పారేసి వచ్చి వెనకనుంచి వాటేసుకున్నాడు. "చాలయ్యా, చచ్చిపోతాడు. చాలు."

ఆస్పత్రిలో దవడకు తీగలు కట్టారు. రోసాల్బా తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. బట్టలకోసం ఒకసారి ఇంటికొచ్చి, మొగుడివైపు చూడకుండానే వెళ్లిపోయింది.

బుధవారం ధర పద్నాలుగుకి దించారు. "గెలిచాం అన్నా," అని పొంపీలియో ఫోన్ చేశాడు. కతాల్దో ఫోన్ పెట్టేసి పోలీస్ స్టేషనుకు నడిచాడు.

"మీ బావమరిది మెట్లమీంచి పడ్డానని కాగితమ్మీద రాసిచ్చాడే," అన్నాడు అధికారి.

"అబద్ధం రాశాడు. నేను కొట్టాను."

"స్టేడియం గడప తొక్కనివ్వరు, అయిదేళ్లో ఎన్నేళ్లో. కేసు వేరే. ఆలోచించుకో."

"రాసుకోండి సార్."

అధికారి కలం తీశాడు. "ఎన్ని దెబ్బలు?"

"మొహమ్మీద ఒకటి. డొక్కలో రెండు." కతాల్దో తల వంచుకున్నాడు. "ఆ రెండూ వాడు కింద పడ్డాక. అది కూడా రాయండి."