యేసుపాదం జెండాలు

మిరపకాయలకు తొడిమలు తీయడంలో జయకుమారిని మించినవాళ్లు సత్తెనపల్లిలో లేరు. పొద్దున్నే కల్లంలో గోనెపట్టా మీద కూర్చుందంటే సాయంత్రం దాకా లేవదు. తుమ్మదు, కళ్లు తుడుచుకోదు. పక్కన కూర్చునే లాల్‌బీ నలభై ఏళ్లుగా అదే పని చేస్తూ ఇంకా తుమ్ముతూనే ఉంది.

"నీకు ఘాటు తగలదేమే?" అని లాల్‌బీ అడిగితే, "లోపల ఇంతకన్నా ఎక్కువుంది పిన్నీ" అనేది జయకుమారి.

అది నిజమే. లోపలి మంట పేరు వకీలు లక్ష్మీనరసింహం.

జయకుమారి నాన్న యేసుపాదం మాచర్ల లైన్లో గేటుమ్యాన్. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, మిషన్ బంగళా దొరసాని తన దేశం వెళ్లిపోతూ, వాళ్ల పిల్లలు ఆడుకున్న రేకు రైలింజను యేసుపాదం చేతిలో పెట్టి వెళ్లింది. జానెడు పొడవు, నల్లటి ఒళ్లు, ఇత్తడి పొగగొట్టం. కీ ఎప్పుడో పోయింది. అయినా కీ ఎందుకు? యేసుపాదం పచ్చజెండా ఊపితే కదిలేది, ఎర్రజెండా చూపిస్తే ఆగేది. గేటుమ్యాన్ జెండాకు బండి కట్టుబడి ఉండాలి. బండి చిన్నదైనంత మాత్రాన రూలు మారిపోదు కదా!

ఎనభైలో ఒకరోజు గేటు పడి కారు ఆగినప్పుడు వకీలు లక్ష్మీనరసింహం దాన్ని చూశాడు. ఆయనకు పాత బొమ్మరైళ్ల పిచ్చి. మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ తెప్పించి, గుంటూరులో తన మేడమీద హాలు నిండా పట్టాలు పరిచి, నలభై రైళ్లు పెట్టుకున్నాడు. ఇలాంటిది తన దగ్గర లేదని తెలియగానే ఆయనకు కంటిమీద కునుకు కరువైంది. మర్నాడే మళ్లీ వచ్చి, "ఎగ్జిబిషన్లో పెట్టి వారంలో పంపించేస్తానోయ్" అన్నాడు. యేసుపాదం నమ్మి ఇంజను ఇచ్చాడు. జెండాలు ఇవ్వలేదు, ఆయన అడగనూ లేదు. గుడ్డముక్కలు ఎవరిక్కావాలి?

వారం కాస్తా నెలయింది. యేసుపాదం గుంటూరు వెళ్లాడు. గుమాస్తా గుమ్మంలోనే ఆపి, "అయ్యగారు పడుకున్నారు, రేపు రా" అన్నాడు. మర్నాడూ అదే మాట. డ్యూటీ దిగి, రైలెక్కి, ఎండలో నిలబడి "రేపు రా" అనిపించుకుని రావడం పదకొండుసార్లు జరిగింది. పన్నెండోసారి వకీలే బయటికి వచ్చాడు, పక్కన పోలీసుతో. తన ఇంజను దొంగిలించినవాడు మళ్లీ దానికోసమే వచ్చాడని చెప్పాడు.

యేసుపాదాన్ని స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టి వదిలేశారు. ఆ తర్వాత ఆయన తలెత్తి గేటు వెయ్యలేదు. బస్సుల్లోంచి జనం "బొమ్మలదొంగ" అని నవ్వేవాళ్లు. ఆ వానాకాలమే పోయాడు. జయకుమారి ఒక జెండా శవపెట్టెలో ఆయన చేతికిచ్చి పూడ్పించింది. రెండోది ఇంట్లో దాచింది.

అవతల వకీలు మేడమీద ఇంజను మెయిన్ లైన్లో నిలబడిపోయింది. తీసి పక్కన పెడదామంటే నలుగురు మనుషులకు కూడా లేవదు. దాని వెనక నలభై రైళ్లూ బారులు తీరి ఆగిపోయాయి. గడియారాలు బాగుచేసే అలీ సాహెబ్ చూసి, "జెండా లేందే ఎట్టా కదులుద్దండీ!" అని సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

నాలుగేళ్లకు, కాయ కోతల రోజుల్లో, వకీలు ముక్కుకు రుమాలు కట్టుకుని కల్లానికి వచ్చాడు.

"ఏమ్మా, మీ నాన్న జెండా నీ దగ్గరుందటగా? ఆదివారం మద్రాసు నుంచి బొమ్మరైళ్ల సంఘం వాళ్లొస్తున్నారు. రైళ్లు నడిస్తే నన్ను ప్రెసిడెంటుని చేస్తారు. ఒక్కసారి వచ్చి ఊపి వెళ్లు."

"మా నాన్న దొంగ కాదని వాళ్లందరి ముందూ చెబుతారా?"

"చెబుతాలే, దానికేం!" అని వకీలు నాలుగు తుమ్ములు తుమ్మాడు.

కారు కదిలాక లాల్‌బీ, "నమ్మకే. మీ నాన్న కూడా ఇట్టాగే నమ్మాడు" అంది.

"నమ్మలేదు పిన్నీ. వెళ్తున్నానంతే."

ఆదివారం హాల్లో పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుని కాఫీలు తాగుతున్నారు. జయకుమారి గోడవార నిలబడింది. కళ్లజోడాయన ఒకరు వంగి, "ఈ ఇంజను ఎక్కడ సంపాదించారండీ?" అని అడిగాడు.

"మా తాతగారి నాటిది. మధ్యలో ఓ గేటుమ్యాన్ ఎత్తుకుపోతే మళ్లీ తెచ్చుకున్నాం" అన్నాడు వకీలు. ఆమె వైపు తిరిగి, "ఊఁ, కానియ్" అన్నాడు.

నిజం చెప్పాలంటే జయకుమారికి ఆ మాట తియ్యగా తగిలింది. ఆయన మంచిగా ఒప్పుకుని ఉంటే ఏం చెయ్యాలో ఆమె ఆలోచించుకోనే లేదు. మెట్లు దిగి, వాకిలి దాటి, నడివీధిలో నిలబడి పచ్చజెండా విప్పి ఊపింది.

మేడమీద కూత వినిపించింది. ఇంజను పట్టాలు దిగి, వెనక నలభై రైళ్లనూ తగిలించుకుని, మెట్టు మెట్టూ దిగి వీధిలోకి వచ్చింది. ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని పెద్దమనుషులు బాల్కనీలో నిలబడి చప్పట్లు కొట్టారు. వకీలు పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు.

"ఆపు! ఎర్రజెండా చూపించవే!"

"ఎవరు దొంగో చెప్పండి."

ఇంజను వీధి మలుపు తిరిగింది. వకీలు అటు చూశాడు, ఇటు చూశాడు. రిక్షావాళ్లు ఆగారు, బాల్కనీలో చప్పట్లు ఆగాయి.

"నేనే! నేనే కాజేశాను! యేసుపాదం దొంగ కాదు, నేనే దొంగని! ఇక ఆపు తల్లీ!"

జయకుమారి చివరి మాట దాకా విని, పచ్చజెండా మడిచి నడుంలో దోపుకుంది.

"ఎర్రది నా దగ్గర లేదండీ. నాన్న చేతిలో ఉంది. అక్కడికెళ్లి ఆగుతాయి" అంది.

రైళ్లు మీటర్‌గేజి పట్టాల మధ్యన ఒద్దికగా సత్తెనపల్లి దాకా వెళ్లాయి. దారి పొడుగునా గేటుమ్యాన్లు రూలు ప్రకారం గేట్లు వేసి, నలభై ఒక్క బళ్లతో పాటు వెనకాల వస్తున్న వకీలు కూడా దాటాకే తీశారు. సమాధుల దొడ్లో యేసుపాదం చుట్టూ రైళ్లు ఆగాయి. మర్నాటికి వకీలు చేరాడు. ఒక్కటీ ఆయన చేతికి లేవలేదు.

అప్పట్నుంచీ ఆయన గుంటూరు వెళ్లలేదు. కోర్టుకు ఎవరూ పిలవలేదు, సంఘంవాళ్లు ఇంకొకాయన్ని ప్రెసిడెంటుగా పెట్టుకున్నారు. చర్చి అరుగు మీద పడుకుంటాడు. పొద్దున్నే కల్లానికొచ్చి ఎండలో నిలబడతాడు.

"అమ్మా, ఒక్కసారి పచ్చజెండా..."

"ఇవాళ్టికి పన్నెండో రోజు. పాపం, ఊపెయ్యరాదుటే?" అని లాల్‌బీ గుసగుసగా అంది.

జయకుమారి చేతిలో కాయ తొడిమ తీసి కుప్పలో వేసింది. ఎన్నడూ లేనిది ముక్కు మండి, ఒళ్లంతా కదిలిపోయేలా తుమ్మొచ్చింది. తుమ్మి, పైటచెంగుతో కళ్లు తుడుచుకుని, ఆయన వైపు చూడకుండానే చెప్పింది.

"రేపు రండి."