చెవి బిళ్ళ

తాండూరు బ్యాంకులో హాజిరాబీ అడిగిన అప్పు విని లోన్ల గుమాస్తా పకపకా నవ్వాడు. ముందు నిలబడ్డవాళ్ళంతా రెండేసి బర్రెలకు రాయించుకుంటుంటే ఈమె ఒక్క బర్రె చాలంది. ఇచ్చేవాడు ఇస్తానంటుంటే వద్దనే మనిషిని ఆ ఎనభై రెండో సంవత్సరంలో అతను అంతవరకూ చూడలేదు. గవర్నమెంటు పేదవాళ్ళకు పాడి పశువులు ఇప్పిస్తున్న కాలమది. అప్పులో మూడో వంతు మాఫీ, మిగిలింది ముప్పై ఆరు కిస్తుల్లో కట్టుకోవాలి.

"గదేంది హాజిరక్కా," అన్నాడు వెనక వరసలో ఉన్న జంగప్ప. ఒకే వాడకట్టు, గోడకవతల ఇల్లు అతనిది. "పెట్టెటోడు పెడుతుంటె కంచం పక్కకు జరుపుకుంటవా? రెండు రాయించుకో. ఒకటి పిండుకో, ఒకటి అమ్ముకో. ఎవడడుగుతడు?"

"దుప్పటి ఉన్నంతనే కాళ్ళు చాపాలె జంగన్నా," అంది హాజిరాబీ.

అన్నదే గానీ, ఆమె కాళ్ళు చాలా దూరమే చాపాలని చూస్తున్నాయి. భర్త ముక్తార్ పదిహేనేళ్ళుగా నాపరాళ్ళ కార్ఖానాలో పరాయివాడి మిషను మీద రాళ్ళకు పాలిషు పడుతున్నాడు. సొంతంగా ఒక పాలిషు మిషను, దాన్ని పెట్టుకోను ఒక రేకుల పందిరి. ఇదీ ఆమె కోరిక. ఎప్పుడు పడుకున్నా ఆ మిషను చప్పుడే ఆమె చెవుల్లో. అంత అప్పు మొదటిసారే ఎవడిస్తాడు? మేనేజరు ఆ ముక్కే చెప్పాడు.

"మొదటి అప్పు మెట్టులాంటిదమ్మా. చిన్నది తీసుకో. ఒక్క కిస్తు కూడా తప్పకు. మూడేళ్ళ తర్వాత నీ పుస్తకం చూసి మిషనుకు నేనే రాస్తాను. పుస్తకంలో మచ్చ ఉండకూడదు, అంతే."

ఆ మాటను హాజిరాబీ కొంగున ముడేసుకుంది. జంగప్ప మాత్రం రెండు బర్రెలకు వేలిముద్ర వేసి, బయటికొచ్చి బీడీ వెలిగించాడు.

బర్రె వచ్చిన నాడు పశువుల డాక్టరు దాని చెవికి బీమా బిళ్ళ వేశాడు. నంబరున్న ఇత్తడి బిళ్ళ. చెవి పట్టుకొమ్మంటే హాజిరాబీ పట్టుకుంది గానీ కళ్ళు గట్టిగా మూసుకుంది. బర్రె ఒక్క అరుపు అరిచింది. ఆమె ముంజేతి మీద రెండు నెత్తురు చుక్కలు పడ్డాయి.

"బిళ్ళ జాగ్రత్త," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ. "బర్రె చస్తే బిళ్ళ తెచ్చివ్వాలి. బిళ్ళ లేకపోతే బీమా లేదు."

ఆమెకు గుర్తున్నది ఆ బిళ్ళ సంగతి ఒక్కటే. మిగతా షరతులు ఇంగ్లీషులో అచ్చేసి ఉన్నాయి. ఎవరు చదివి చెప్పాలి ఆమెకు?

ఇరవై రెండు నెలలు. స్టేషను దగ్గర హోటలుకు పాలు పోసింది, ప్రతి నెలా ఐదో తారీకుకు కిస్తు కట్టింది. ఐదో తారీకు ఆదివారమైతే నాలుగునే కట్టింది. మొగుడికి జ్వరం ముదిరిన నెల ముందు కిస్తు కట్టి తర్వాత మందు కొన్న మనిషి, ఏమనాలి ఆమెను! వాడకట్టు ఆమెకు 'కిస్తు బూబమ్మ' అని పేరు పెట్టింది. వెక్కిరింతకే పెట్టారు, ఆమె బిరుదనుకుంది. జంగప్ప ఐదు కిస్తులు కట్టి ఆపేశాడు. బ్యాంకు జీపు వాడలోకి వస్తే వెనక దొడ్డి గుండా బషీరాబాద్ బస్సెక్కేవాడు.

ఆ ఏడు ఎండాకాలం ఆఖర్న రెండు వానలు పడ్డాయి. కోసిన జొన్న మోళ్ళకు మళ్ళీ పచ్చగా పిలకలు వచ్చాయి. నాము అంటారు దాన్ని, పశువు నోటికి అమృతం, కడుపుకు విషం. హాజిరాబీ గుంజకు కట్టిన పలుపు పాతబడి తెగింది. మధ్యాహ్నం వెతుక్కుంటూ పోయేసరికి బర్రె చేలో పడి ఉంది, నోట నురుగు, కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

ఆమె పశువుల దవాఖానకు చెప్పుల్లేకుండా పరిగెత్తింది. తాళం! డాక్టరు మీటింగుకని వికారాబాద్ పోయాడట. తిరిగొచ్చేసరికి ముక్తార్ మేనమామ కరీముద్దీన్ బర్రె పక్కన గొంతుక్కూచుని ఉన్నాడు. సంతలో మాంసం అమ్మే మనిషి, కత్తి అతని నడుముకే ఉంటుంది.

"ఇది బతకది బేటీ," అన్నాడు. "పానం పోయినంక కత్తి పెడితె మురుదార్ అయితది. గా మాంసం మనిషి తినరాదు, కుక్కలకే. ఇప్పుడే హలాల్ చేస్తె నాలుగు పైసలన్న చేతికొస్తయి. జల్ది చెప్పు, నీ ఇష్టం."

రేపు ఐదో తారీకు. హాజిరాబీ ఏడుస్తూనే ఉంది, అయినా బుర్ర లెక్క ఆపలేదు. ఊరికే చస్తే బ్యాంకు సొమ్ము మట్టిపాలు. మాంసం అమ్మితే ఆరు కిస్తులు ఒక్కసారే కట్టొచ్చు. మేనేజరు సారు ఎంత మెచ్చుకుంటాడో! అప్పు సొమ్ములో దొరికినంత దక్కించింది హాజిరాబీ అంటాడు. పైగా బిళ్ళ ఉండనే ఉంది, బీమా ఎక్కడికి పోతుంది?

"చెయ్ మామూ," అంది.

బర్రె తలను తనే ఒళ్ళో పెట్టుకుంది. రెండేళ్ళు తన చేతి నీళ్ళు తాగిన నోరది. కరీముద్దీన్ అల్లా పేరు చెప్పి కత్తి ఆడించాడు. అంతా అయ్యాక ఆమె బిళ్ళతో సహా చెవిని కోయించి, కడిగి, కుళ్ళకుండా ఉప్పు రాసి గుడ్డలో మూట కట్టింది.

మర్నాడు బ్యాంకు తలుపు తీయకముందే మెట్ల మీద ఉంది. ఆరు కిస్తుల డబ్బు బల్ల మీద పెట్టింది, పక్కన గుడ్డ మూట పెట్టింది. మేనేజరు డబ్బు చూసి మురిశాడు, చెవి చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"అయ్యో, చచ్చిపోయిందా? మరి డాక్టరు చూశాడా? ఈ డబ్బెక్కడిది?"

"మాంసం అమ్మిన సారూ. బ్యాంకు పైసలు ఆగం కావద్దని."

"అంటే చచ్చాక కోశారా?"

"అస్తగ్‌ఫిరుల్లా!" హాజిరాబీ చెంపలేసుకుంది. "సచ్చినంక ఎట్ల కోస్తం సారూ? గంత పాపమా? పానం ఉండంగనే హలాల్ చేసినం." గర్వంగా చెప్పింది. తల్లీ, ఆ ఒక్క మాట మింగెయ్యకపోయావా!

మేనేజరు కలం ఆగింది. "చస్తేనే బీమా వస్తుందమ్మా. చంపితే రాదు."

"సచ్చేదే కద సారూ. ఇంకో గడియల సచ్చేది."

"చచ్చేదే. కానీ చావలేదుగా. మీరు చంపారు." అలా అంటూనే ఆరు కిస్తుల డబ్బు లెక్కపెట్టి సొరుగులో వేసుకున్నాడు. "ఏదైనా వికారాబాద్‌లో బీమా ఆఫీసరు చేతిలో ఉంది. అక్కడికి వెళ్ళి చెప్పుకో."

మరుసటి పొద్దు పాసింజరు బండెక్కి వికారాబాద్ పోయింది. బీమా ఆఫీసు వరండాలో బల్ల మీద జంగప్ప కూచుని ఉన్నాడు. అతని ఒళ్ళోనూ ఒక గుడ్డ మూట.

"నీదీ సచ్చిందా జంగన్నా?" అంది హాజిరాబీ జాలిగా.

జంగప్ప అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సావనీకి వాటికేం కర్మ? రెండింటిని కర్ణాటక సంతల అమ్మిన. చెవులు కోసి అమ్మిన. చెవి లేకుంటె పాలియ్యదా ఏంది? డాక్టరు కాగితం కూడా ఉన్నది. యాభై రూపాయలిస్తె కాగితం మీద ఎన్ని బర్రెలన్న సస్తయి." తర్వాత ఆమె సంగతి విన్నాడు. విని తల కొట్టుకున్నాడు. "నీ అసుంటి పిచ్చిదాన్ని చూడలే అక్కా. గిప్పుడన్న నోరు మూసుకొని సచ్చిందని చెప్పు. చెవి ఉన్నది, బిళ్ళ ఉన్నది. సాక్షి నేనుంట."

నిజం చెప్పాలంటే హాజిరాబీ మనసు ఊగింది. బల్ల మీద కూచున్నంతసేపూ ఊగింది. కానీ అబద్ధం బయటపడితే పుస్తకంలో మచ్చ. మచ్చ పడితే మిషను లేదు. ఇరవై ఎనిమిది కిస్తుల మంచి పేరును ఒక్క మాటతో నూతిలో పారేసుకుంటుందా? నిజం చెప్పిన మనిషిని గవర్నమెంటు ఆఫీసరు కాకపోతే ఇంకెవరు గుర్తిస్తారు? ఆమె నమ్మకం అది. ఆ నమ్మకాన్ని చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆఫీసరు అడిగాడు, ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. అతను ఎర్ర సిరాతో కాగితం మీద రెండు వరసలు గీకాడు, చెవి మూటను బయట పారేయమన్నాడు. జంగప్ప లోపలికి పోయి, చాయ్ తాగినంతసేపట్లో సంతకం చేయించుకుని బయటికొచ్చాడు. ఆఫీసు గేటు పక్క కుక్క ఒకటి హాజిరాబీ మూట విప్పుకుంటోంది. బిళ్ళ ఒక్కటి ఏరుకుని ఆమె సాయంత్రం బండికి తాండూరు వచ్చింది.

ఇంకా ఎనిమిది కిస్తులు మిగిలాయి. లేని బర్రెకు కిస్తులు! ముక్తార్ వద్దన్నాడు, వాడకట్టంతా వద్దంది. "జంగప్ప కడుతున్నడా?" అన్నారు. హాజిరాబీ వినలేదు. గనిలో రాళ్ళు మోసింది, వేళ్ళు చితికాయి, ఒక గోరు ఊడింది. ఐదో తారీకు మాత్రం తప్పలేదు. ఆఖరి కిస్తు కట్టిన నాడు పుస్తకం బల్ల మీద విప్పి మేనేజరు ముందు పెట్టింది.

"ఎన్ని కిస్తులు తప్పిన సారూ?"

"ఒక్కటీ లేదమ్మా. నీలాంటివాళ్ళు పదిమంది ఉంటే బ్యాంకు బాగుపడుతుంది."

"మరి మిషనుకు రాస్తనంటిరి."

మేనేజరు ఫైలు తీశాడు. బీమా ఆఫీసు నుంచి వచ్చిన ఎర్ర సిరా కాగితం అడుగున భద్రంగా ఉంది. "అప్పు మీద కొన్న పశువును స్వయంగా చంపారని రాశారు. ఇది ఉండగా పైవాళ్ళు కొత్త అప్పుకు ఒప్పుకోరు. నేనేం చేయను?"

"మచ్చ నా పుస్తకంల లేదు కద సారూ! చూడుండ్రి, ఏ పేజీల ఉన్నది?" ఆమె ఒక్కో పేజీ తిప్పి చూపిస్తోంది. కడుపు కాలి అడుగుతోంది. మేనేజరు పుస్తకం మూసి, మర్యాదగా ఆమె వైపు జరిపాడు.

"మరి జంగప్పకు?"

"అతని బర్రెలు చచ్చాయమ్మా. బీమా డబ్బుతో పాత బాకీ చెల్లిపోయింది. ఫైలు శుభ్రంగా ఉంది."

ఆ ఏడు జంగప్పకు పది బర్రెల డెయిరీ మంజూరైంది. రేకుల పందిరి వేశాడు. పాలు పిండను, పేడ తీయను రోజు కూలికి మనిషి కావాల్సి వస్తే గోడవతల నుంచే పిలిచాడు. హాజిరాబీ పోయింది. పోక ఏం చేస్తుంది, అభిమానం పొయ్యి మీద ఉడుకుతుందా?

కొత్త బర్రెలకు బిళ్ళలు వేసే రోజు మేనేజరు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొచ్చాడు. పైఆఫీసుకు పంపాలట. జంగప్ప మెడలో పూలదండ.

"చెవి పట్టుకోను ఎవరైనా రండి," అన్నాడు డాక్టరు.

"మా హాజిరక్క ఉన్నది," అన్నాడు జంగప్ప. "గీ పని ఆమెకు అలవాటే."

హాజిరాబీ వచ్చి చెవి పట్టుకుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. బిళ్ళ చెవిలో దిగింది, బర్రె అరిచింది, నెత్తురు ఆమె మణికట్టు దాకా కారింది.

"వదలకమ్మా, గుంజుకుంటే చెవి చీలుతుంది," అన్నాడు డాక్టరు.

"అమ్మా, కొంచెం పక్కకు జరుగు," అన్నాడు మేనేజరు. "ఫొటోలో అప్పు తీసుకున్న మనిషే ఉండాలి."

ఆమె పక్కకు జరిగింది, చెవి మాత్రం వదల్లేదు. తర్వాత బ్యాంకు గోడకు తగిలించిన ఆ ఫొటోలో జంగప్ప, మేనేజరు, బర్రె నవ్వుతున్నట్టే ఉంటారు. హాజిరాబీది చెయ్యి ఒక్కటే పడింది.